వయొలిన్ వాయిస్తూనే పిల్లల వాద్యబృందాన్ని నడిపించడం ఎలా?

ప్రశ్న: నల్లగొండ టీచర్

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో 11 ఏళ్లుగా పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాను. నిరుడు వేసవి సెలవుల్లో నా విద్యార్థులతో పాటు మిర్యాలగూడ, సూర్యాపేట నుండి వచ్చే మరికొందరిని కలుపుకొని 14 మందితో ఒక చిన్న తీగవాద్య బృందాన్ని ఏర్పాటు చేశాను. ఛాంబర్ ఆర్కెస్ట్రా అని గట్టిగా చెప్పుకొనేంత నిండుతనం దానికి ఇంకా రాలేదని నాకు తెలుసు. మొదటి వయొలిన్లు ఐదుగురు, రెండో వయొలిన్లు ఐదుగురు, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా లేనందువల్ల ఆ భాగాన్ని వయొలిన్ మీదనే వాయించే ఇద్దరు, కింది స్వరాలు పలికే పెద్ద తీగవాద్యమైన చెల్లో వాయించే ఒక అబ్బాయి, కింది స్థాయి స్వరాలను కీబోర్డు మీద పట్టే ఒక అమ్మాయి మాత్రమే ఉన్నారు. పిల్లల వయసు 11 నుండి 17 ఏళ్ల మధ్య ఉంటుంది. వారిలో నలుగురు కర్ణాటక పద్ధతిలో నేర్చుకొని వచ్చినవారు.

మొన్న మా ఊళ్లోని ఒక కళాశాల హాలులో తొలిసారి వేదిక ఎక్కాము. మోజార్ట్ 1787లో తీగవాద్యాల కోసం రాసిన ‘ఐనే క్లైనె నాఖ్ట్‌మ్యూజిక్’ మొదటి భాగాన్నీ, ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్ల బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చిన నోటు స్వరాలు మూడింటినీ ఎంచుకున్నాము. నేను మొదటి వయొలిన్ వాయిస్తూ బృందాన్ని నడిపించాను, లేదా నడిపిస్తున్నానని అనుకున్నాను. మోజార్ట్ మొదటి స్వరమే మూడు ముక్కలుగా పలికింది. ఇరవై బార్లు (నాలుగేసి లెక్కల గడులు) దాటేసరికి మేము మొదలుపెట్టిన వేగానికీ, అప్పుడు వాయిస్తున్న వేగానికీ సంబంధం లేకుండా పోయింది. ముగింపులో కొందరు కమాను ఎత్తేశారు, కొందరు ఇంకా లాగుతూనే ఉన్నారు. తలతోనూ, కమానుతోనూ లెక్క చూపించాలని నేను ప్రయత్నించినకొద్దీ నా సొంత వాయిద్యం చెడిపోయింది.

కచేరీ తరువాత ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి, ‘కర్ర పట్టుకొని ఎదురుగా నిలబడే మనిషి ఒకరు ఉండాలమ్మా, వాయించేవాళ్లు నడిపించలేరు’ అన్నారు. ఆ మాట నిజమేనా? వాయిస్తూ నడిపించడం సాధ్యమే అయితే నేను ఎక్కడ నిలబడాలి, ఏమి చూపించాలి, ఏమి చూపించకూడదు? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: దేవరకొండ వాసి

టీచర్ గారికి నమస్కారం. మాది దేవరకొండ. ముప్పై ఏళ్లకు పైగా సికింద్రాబాదులో చర్చి వాద్యబృందాల్లోనూ, రికార్డింగుల్లోనూ వయొలిన్ వాయించి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాను.

ముందు ఆ పెద్దాయన మాట సంగతి చూద్దాం. కర్ర పట్టుకొని నిలబడే మనిషి వాద్యబృందాల చరిత్రలో ఆలస్యంగా వచ్చినవాడు. అంతకుముందు మొదటి వయొలిన్ వాయించేవారో, కీబోర్డు ముందు కూర్చున్నవారో బృందాన్ని నడిపించేవారు. ఇటలీ స్వరకర్త వివాల్డి 1703లో వెనిస్ నగరంలోని పియెటా అనాథాశ్రమంలో వయొలిన్ గురువుగా చేరి, అక్కడి ఆడపిల్లల బృందానికి వాయిద్యం నేర్పుతూ, వాళ్ల కోసమే ఎన్నో రచనలు చేశాడు. మీరిప్పుడు చేస్తున్న పని ఆయన చేసిన పనికి చాలా దగ్గరిది. ఆ అమ్మాయిలు చర్చిలో జాలీ తెరల వెనుక నుండి వాయించేవారు కాబట్టి విన్నవారికి వాళ్ల ముఖాలు కూడా కనిపించేవి కావు. 1791లో ఆస్ట్రియా స్వరకర్త హేడెన్ లండన్ వచ్చినప్పుడు ఆయన సింఫనీలను నడిపించింది సాలమన్ అనే వయొలిన్ విద్వాంసుడు. హేడెన్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. మన కాలానికి దగ్గరగా వస్తే, వియన్నాలో ఏటా జరిగే కొత్త సంవత్సరపు కచేరీని 1955 నుండి 1979 వరకు విల్లీ బోస్కోవ్‌స్కీ చేతిలో వయొలిన్‌తోనే నడిపించాడు. గిడాన్ క్రేమర్ 1997లో లాత్వియా, లిథువేనియా, ఎస్తోనియా దేశాల యువ వాద్యకారులతో క్రెమెరాటా బాల్టికా అనే బృందాన్ని పెట్టి, వయొలిన్ వాయిస్తూనే వాళ్లను ప్రపంచమంతా తిప్పాడు. కాబట్టి సాధ్యమేనా అన్న ప్రశ్నను ఇక్కడితో వదిలేద్దాం.

అసలు చిక్కు మీరు రాసిన ఒక వాక్యంలోనే ఉంది: తలతోనూ కమానుతోనూ లెక్క చూపించాలని ప్రయత్నించాను అన్నారు. వాయిస్తూ నడిపించే మనిషి ప్రతి లెక్కనూ చూపించకూడదు. తల ఊపుతున్నంతసేపూ గడ్డం కింద వయొలిన్ కదులుతుంది, కమాను తీగ మీద జారుతుంది, పిల్లలు వినడం మానేసి మీ తలను చూడటం మొదలుపెడతారు. చూసి వాయించేవారు ఎప్పుడూ ఒక వెంట్రుకవాసి వెనకబడతారు. వారు వెనకబడ్డారని మీరు ఇంకొంచెం గట్టిగా ఊపుతారు, అప్పుడు భయపడి పరుగెత్తుతారు. మీ బృందం వేగం అదుపు తప్పడానికి ఇదే కారణమని నా అనుమానం. బృందాన్ని నడిపించే వయొలినిస్టు చూపించవలసిన ఘట్టాలు కొన్నే ఉంటాయి: మొదలు, వేగం మారే చోటు, చాలాసేపు ఆగి ఉన్న భాగం తిరిగి ప్రవేశించే చోటు, ముగింపు. మిగిలినదంతా చెవికి వదిలేయాలి.

మొదలు గురించి కొంచెం విపులంగా రాస్తాను, ఎందుకంటే పిల్లల బృందాల్లో సగం గొడవలు అక్కడే పుడతాయి. మొదటి దెబ్బకు ముందు ఒక ఖాళీ లెక్క ఉంటుంది. ఆ ఒక్క లెక్కలోనే వేగం, బలం, స్వభావం అన్నీ చెప్పాలి. ముక్కుతో వినబడేలా శ్వాస లోపలికి తీసుకోండి, అదే సమయంలో వయొలిన్ తలభాగం రెండంగుళాలు పైకి లేవాలి, కమాను గాలిలో అదే వేగంతో కదిలి తీగ మీదకు దిగాలి. శ్వాస నిదానంగా తీసుకొని వేగంగా దిగారంటే పిల్లలకు రెండు వేర్వేరు మాటలు చెప్పినట్టే. మీరు శ్వాస తీసుకోవడానికి ముందే ఆ రచనలో అన్నిటికన్నా వేగంగా నడిచే రెండు బార్లను మనసులో పాడుకోండి. అక్కడ పిల్లల వేళ్లు అందుకోగల వేగమే మొదటి బార్‌కు సరైన వేగం. మీరు ఎంచుకున్న మోజార్ట్ రచనలో అందరూ ఒకే స్వరాన్ని బలంగా ఎత్తుకుంటారు, వెంటనే అర లెక్క విరామం, ఆపైన అర లెక్క స్వరం వస్తాయి. పిల్లలు ఆ విరామాన్ని ఎప్పుడూ మింగేస్తారు. విరామం వచ్చినప్పుడు కమానును తీగ మీదనే నిలిపి ఉంచమని చెప్పండి. గాలిలోకి ఎత్తిన కమాను దిగడానికి తొందరపడుతుంది.

మీరు నిలబడే చోటు ప్రేక్షకుల వైపు నుండి చూస్తే ఎడమ పక్కన, మొదటి వయొలిన్ల ముందు ఉండాలి. బృందం మధ్యలోకి వచ్చి పిల్లల వైపు పూర్తిగా తిరిగితే మీ వీపే ప్రేక్షకులకు కనిపిస్తుంది, వయొలిన్ నాదం కూడా వెనక్కి పోతుంది. ఎడమ పక్కన సగం తిరిగి నిలబడితే వయొలిన్ ముఖం సభ వైపు ఉంటుంది, మీ కమాను చేయి పిల్లలకు కనిపిస్తుంది. చెల్లో వాయించే అబ్బాయిని మీకు కళ్లెదుట కూర్చోబెట్టండి. మీ ఇద్దరి మధ్య చూపుకు అడ్డంగా స్టాండు గానీ, మైకు గానీ ఉండకూడదు. బృందమంతా నాలుగైదు మీటర్ల లోపు అర్ధచంద్రాకారంలో సర్దుకోవాలి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి వెడల్పాటి వేదిక చూసి 10 మీటర్ల దూరంలో కూర్చోబెడితే అటువైపు పిల్లల స్వరం మీ చెవికి చేరేసరికే సెకనులో 34వ వంతు గడిచిపోతుంది. ఆ తేడాను అనుభవం ఉన్నవారు సర్దుకుంటారు, పిల్లలు సర్దుకోలేరు.

మూడో సంగతి కమాను దిశ. ఏ స్వరానికి కమాను కిందికి లాగాలో, దేనికి పైకి తోయాలో ప్రతి కాగితం మీదా పెన్సిలుతో రాయించండి. ఒక వరుసలోని ఐదుగురి కమానులూ ఒకే దిశలో కదలడం అందం కోసం మాత్రమే కాదు. పక్కవారి చేయి ఎటు పోతున్నదో తెలిస్తే కంటి కొసతోనే పదబంధం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలిసిపోతుంది. మీ తల చేయవలసిన పనిని ఆ కమానులు చేసిపెడతాయి.

కాలితో లెక్క వేయడాన్ని మాత్రం మొదటిరోజు నుండే మాన్పించండి. చెక్క వేదిక మీద 14 కాళ్లు 14 రకాలుగా చప్పుడు చేస్తాయి.

జవాబు: పాలమూరు శ్రోత

అమ్మా, నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను, కర్ణాటక పద్ధతిలో ఫిడేలు నేర్పుతాను. పాశ్చాత్య బృందాల గురించి దేవరకొండ వారికి తెలిసినంత నాకు తెలియదు గానీ, మీ నలుగురు పిల్లల విషయంలోనూ, నోటు స్వరాల విషయంలోనూ చెప్పదగిన మాటలు కొన్ని ఉన్నాయి.

ఎవరూ కర్ర ఊపకుండా పదిమంది కలిసి నడవడం మన జిల్లాల వాళ్లకు కొత్త విషయమా? బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లను ఒక్కసారి గుర్తు చేసుకోండి. గొంతు ఉన్న ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగిలినవారు ‘ఉయ్యాలో’ దగ్గర కలుస్తారు, చప్పట్లూ అడుగులూ ఒక్క లెక్కలో పడతాయి. ఎత్తుకునే ఆమె ఎవరికీ సైగ చేయదు. ఊపిరి తీసుకొని కొంచెం ముందుకు వంగుతుంది, వలయం మొత్తానికి అది తెలిసిపోతుంది. వలయంగా ఉండటం వల్ల ఎవరి వీపూ ఎవరికీ అడ్డం రాదు. మీ పిల్లల్లో బతుకమ్మ ఆడిన అమ్మాయిలు తప్పకుండా ఉంటారు. శ్వాసతో ఎత్తుకోవడమంటే ఏమిటో వాళ్లకు మోజార్ట్‌తో కాకుండా ఆ పాటతో చెప్పి చూడండి.

కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్న పిల్లలకు ఇంకొక ఇబ్బంది ఉంటుంది. మన ఫిడేలు విద్య ప్రధానంగా పక్కవాద్యపు విద్య. గాయకుడి వెంట నీడలా పోవడమే మేము చిన్నప్పటి నుండి నేర్పుతాము. గాయకుడు ఏ అక్షరం మీద నిలుస్తాడో, ఎక్కడ విడుస్తాడో ముందే పసిగట్టి ఆ వెంటనే వాయించాలి. అందువల్ల ఆ పిల్లలు మీ వెంట కూడా ‘ఆ వెంటనే’ వస్తారు. మొదటి స్వరం ముక్కలు కావడానికి అదీ ఒక కారణం కావచ్చు. వాళ్లను మందలించకండి. ఆ చెవి దొరకడం అరుదు. వాళ్లను రెండో వయొలిన్లలోనూ, వయోలా భాగంలోనూ పెట్టండి. మధ్య భాగాలకు కావలసింది పై స్వరాన్నీ కింది స్వరాన్నీ ఏకకాలంలో వినే గుణమే. ఒక్కటి మాత్రం కొత్తగా నేర్పాలి: శ్వాస మీతో పాటు తీసుకోవాలి, మిమ్మల్ని విన్నాక కాదు.

తీగల శ్రుతి విషయంలో తొందరపడకండి. మన పద్ధతిలో తీగలు స, ప, స, ప అని ఉంటాయి, అంటే పంచమం నుండి పై షడ్జానికి దూరం తక్కువ. పాశ్చాత్య పద్ధతిలో ప్రతి తీగకూ మధ్య షడ్జ పంచమాల దూరమే ఉంటుంది. నడుమ రెండు తీగల మధ్య దాటేటప్పుడు వేళ్లు ఒక చోట పడబోయి మరో చోట పడతాయి. ఒకే వాద్యాన్ని వారానికి రెండు శ్రుతుల్లోకి మార్చితే తీగలు బిగించే బిరడలూ అరుగుతాయి, పిల్లల వేళ్లూ తికమకపడతాయి. వీలైతే ఆ నలుగురికి బృందం కోసం వేరే వాద్యం ఉండాలి, అద్దెకు తెచ్చినా సరే.

నోటు స్వరాలను ఎంచుకోవడం మంచి ఆలోచన. ఆంగ్ల బ్యాండు బాణీలను విని, శంకరాభరణ స్వరాల్లో దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులే ఐరోపా ఫిడేలు నేర్చుకొని దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవారిలో ముఖ్యులు. ఆ బాణీల్లో గమకాల బరువు లేదు కాబట్టి రెండు పద్ధతుల పిల్లలూ ఒకే రకంగా వాయించగలరు. మీ కచేరీని మోజార్ట్‌తో కాకుండా వీటితో మొదలుపెట్టి ఉంటే ఆ మొదటి స్వరం అంత భయపెట్టేది కాదేమో.

దేవరకొండ వారితో ఒక్క చోట విభేదిస్తున్నాను. మా పద్ధతిలో చేతులు రెండూ వాద్యం మీద ఉంటాయి కాబట్టి తాళం శరీరంలో మరెక్కడో ఉండాలి. లేకపోతే ఆవర్తనం జారిపోతుంది. కాలు పూర్తిగా కట్టేస్తే ఆ పిల్లలు తాళం పోగొట్టుకుంటారు. చప్పుడు రాకుండా బూటు లోపల బొటనవేలు కదిలించమనండి.

జవాబు: రెండో వరుస

నేను ఎప్పుడూ బృందాన్ని నడిపించలేదు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో నాలుగేళ్లు ఒక యువ బృందంలో రెండో వయొలిన్ వాయించాను. మా సొంతూరు కోదాడ. నడిపించేవారి గురించి పై ఇద్దరూ రాశారు కాబట్టి వెనుక కూర్చున్నవారికి ఏమి కనిపిస్తుందో రాస్తాను.

మేడం గారూ, వెనుక వరుసకు మీరు నిజానికి కనిపించరు. స్టాండు, ముందు వాళ్ల భుజాలు, వాళ్ల జడలు కనిపిస్తాయి. మేము చూసేది మా వరుసలో మొదట కూర్చున్న అమ్మాయిని. ఆమె మిమ్మల్ని చూస్తుంది. అందువల్ల మీరు 14 మందికి సైగ చేయాలని అనుకోకండి. రెండో వయొలిన్లలో ఒకరు, వయోలా భాగంలో ఒకరు, చెల్లో అబ్బాయి, ఈ ముగ్గురితో మీ చూపు కలిస్తే చాలు. ఆ ముగ్గురితో మాత్రమే రోజూ పదిహేను నిమిషాలు విడిగా సాధన చేయండి. మా బృందంలో ఈ పద్ధతి వచ్చేవరకు మేము కూడా ముక్కలు ముక్కలుగానే మొదలుపెట్టేవాళ్లం.

ఒక కచేరీలో మమ్మల్ని నడిపిస్తున్నాయన పునరావృతం చేయవలసిన భాగాన్ని వదిలేసి ముందుకు పోయాడు. అలాంటి సమయంలో సగం మంది ఆయనతో పోయి సగం మంది ఉన్నచోటే ఉంటే సంత అవుతుంది. చెల్లో వాయించే అమ్మాయి మాత్రం బెదరకుండా కాగితంలో ఉన్నట్టే వాయించింది. కింది స్వరం ఎటు పోతే మేమంతా అటే పోయాము. రెండు బార్ల తరువాత ఆయనే వెనక్కి వచ్చి కలిశాడు. ప్రేక్షకుల్లో ఎవరికీ తెలియలేదు. అప్పటి నుండి వేగం విషయంలో కూడా నా నమ్మకం అదే. లయ మొదటి వయొలిన్ దగ్గర ఉండదు, చెల్లో దగ్గర ఉంటుంది. మీ పిల్లలు పరుగెత్తుతున్నారంటే పైభాగం వాళ్లు కింది భాగాన్ని వినడం లేదని అర్థం. సాధనలో ఒకసారి చెల్లో, కీబోర్డు మాత్రమే గట్టిగా, మిగతావారంతా గుసగుసలా వాయించేట్టు చేయండి.

కాగితాలు తిప్పే సంగతి ఎవరూ రాయలేదు. ఇద్దరికి ఒక స్టాండు ఉంటే లోపలి వైపు కూర్చున్నవారు వాయించడం ఆపి పేజీ తిప్పాలి, ప్రేక్షకుల వైపు కూర్చున్నవారు ఆపకూడదు. ఇది ముందే చెప్పకపోతే ఇద్దరూ ఒకేసారి ఆపుతారు, లేదా ఇద్దరూ ఆపరు.

స్పందన: నల్లగొండ టీచర్

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆరు వారాలు మీరు చెప్పినవి ఒక్కొక్కటిగా ప్రయత్నించి ఇప్పుడు రాస్తున్నాను.

నేను తల ఊపడం మానేయడానికి అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది. ఫోనులో వీడియో తీసి చూసుకుంటే నాకే సిగ్గనిపించింది. తల ఒక లెక్కలో, కమాను మరో లెక్కలో ఉన్నాయి. పిల్లలు ఇన్నాళ్లూ దేన్ని నమ్మాలో తెలియక ఇబ్బంది పడ్డారన్నమాట. ఇప్పుడు మొదటి శ్వాస తప్ప ఏమీ చూపించడం లేదు. మొదటి రెండు వారాలు వాయిద్యం ఇంకా అధ్వానంగా తయారైందని నిజాయతీగా చెప్పాలి. చూడటానికి ఏమీ లేకపోయేసరికి పిల్లలు బిక్కచచ్చిపోయారు. మూడో వారంలో అందరినీ వలయంగా, ముఖాలు బయటి వైపు పెట్టి కూర్చోబెట్టాను. ఎవరూ ఎవరికీ కనిపించరు. శ్వాస చప్పుడు మాత్రమే ఆధారం. పదకొండేళ్ల పాప ఒకతి ‘మేడం, ఇట్లయితే అందరి ముక్కులు వినబడుతున్నయి’ అన్నది. ఆ రోజే మొదటి స్వరం తొలిసారి ఒక్కటిగా పలికింది.

బతుకమ్మ ఉదాహరణ ఆడపిల్లలకు వెంటనే అందింది. మగపిల్లలకు కోలాటం గుర్తు చేశాను. నడుమ తాళాలు పట్టుకొని పాడే గురువు కాలి కదలికను బట్టి వలయం దిశ మారుస్తుంది కదా. కాలి లెక్క విషయంలో పాలమూరు వారి మాటే పాటించాను. కర్ణాటక పద్ధతి పిల్లలకు బొటనవేలు, మిగిలినవారికి ఏమీ లేదు. వింతగా, మిగిలినవారు కూడా చాటుగా బొటనవేలు కదిలిస్తున్నారని తరువాత తెలిసింది.

ఒక్కో నోటు స్వరాన్ని ఒక్కో విద్యార్థి నడిపించేట్టు కూడా చేస్తున్నాను. న్యూయార్క్‌లో 1972లో మొదలైన ఆర్ఫియస్ బృందంలో రచనకు ఒకరు చొప్పున నడిపించేవారు మారుతుంటారని చదివి ఆ ఆలోచన చేశాను. చెల్లో అబ్బాయికి మొదట్లో నోట మాట వచ్చేది కాదు. ఇప్పుడు రెండో వయొలిన్ల వాళ్లు తొందరపడితే వాయిస్తూనే వాళ్ల వైపు గుడ్లురుముతున్నాడు.

ఇంకా కుదరనిది ముగింపు. నెమ్మదిగా ముగిసే చోట చివరి స్వరం ఇప్పటికీ చిందరవందరగా ఆగుతున్నది. రెండో బెంగ హాలు గురించి. వచ్చే నెల ఆదివారం సాయంత్రం మళ్లీ అదే హాలులో వాయించాలి. పైకప్పుకు ఫ్యాన్లు, గోడలకు స్పీకర్లు, వేదిక మీద అతిథుల కుర్చీలు ఉంటాయి.

జవాబు: దేవరకొండ వాసి

ముగింపుకు ఒకటే మందు. చివరి స్వరం మీద కమాను ఎంత పొడవు మిగిలిందో అందరికీ ఒకేలా ఉండాలి. చివరి స్వరానికి కమాను మొదలు దగ్గర ప్రారంభించి కొస దగ్గర ముగించమని చెప్పండి. వేగం తగ్గే బార్లలో పెద్ద లెక్కను వదిలి లోపలి చిన్న లెక్కలను మనసులో పలకమనండి. కమాను కొస తీగను విడిచాక కూడా మీ చేయి గాలిలో ఒక లెక్క పాటు సాగిపోయి, అక్కడ నిలవాలి. మీ చేయి దిగేవరకు ఎవరి చేయీ దిగకూడదు. ఇది ప్రతి సాధనలోనూ చేయించండి. కచేరీ రోజు చెప్పితే ఎవరికీ గుర్తుండదు.

హాలు విషయానికొస్తే, నా అనుభవంలో పిల్లల కచేరీలను చెడగొట్టేది పిల్లలు కాదు. శ్రుతి చేసుకొని వేదిక మీద కూర్చున్న పిల్లల ముందు అతిథులు గంటసేపు మాట్లాడతారు, శాలువాలు, జ్ఞాపికలు అవుతాయి, లైట్ల వేడికి తీగలు దిగిపోతాయి. అప్పుడు ఎవరూ మళ్లీ శ్రుతి చేసుకోనివ్వరు. ప్రసంగాలు కచేరీ తరువాతనే అని నిర్వాహకులతో ఇప్పుడే మాట తీసుకోండి. లైట్లు వెలిగించి పావుగంట కూర్చున్నాక శ్రుతి చేయించండి. శ్రుతి కూడా ఒకరు ఇచ్చిన స్వరం నుండే మొదలు కావాలి. మీ బృందంలో కీబోర్డు ఉంది కాబట్టి దాని స్వరానికే అందరూ కలవాలి, ఫోనులోని యాప్‌కు ఒకరు, కీబోర్డుకు ఒకరు కాదు.

మైకు వారితో విడిగా మాట్లాడండి. వాళ్లు సాధారణంగా నిలబడి ఉన్న మనిషి ముందు ఒక మైకు పెట్టి, మిగిలిన 14 మందిని వదిలేస్తారు. పైగా ఎకో కలుపుతారు. ఎకో కలిపిన హాలులో మీరు నేర్పిన శ్వాస, విరామం ఏవీ మిగలవు. మూడు వందల మంది పట్టే హాలైతే మైకు లేకుండా వాయించండి. తప్పదంటే ముందు భాగంలో ఎత్తుగా రెండు మైకులు, ఎకో సున్నా. ఫ్యాన్లు ఆపించడం మన వేసవిలో కుదరదు కాబట్టి ఒక్కో స్టాండుకు నాలుగేసి బట్టల క్లిప్పులు తీసుకెళ్లండి.

స్పందన: నల్లగొండ టీచర్

కచేరీ నిన్న అయింది. ప్రసంగాలు ముందే జరిగాయి, మాట ఇచ్చి కూడా. అయినా మళ్లీ శ్రుతి చేసుకునేవరకు వాయించేది లేదని పిల్లలే కూర్చున్నారు, నేను చెప్పలేదు. క్లిప్పులు 40 పట్టాయి. ఎకో ఆపించగలిగాము.

నోటు స్వరాలతో మొదలుపెట్టాము. మోజార్ట్ వంతు వచ్చాక నేను వయొలిన్ ఎత్తి, వేగాన్ని మనసులో పాడుకుంటూ, మరీ ఎక్కువసేపు ఆలోచించాను కాబోలు. చెల్లో అబ్బాయి ఆగలేక శ్వాస తీసుకున్నాడు. రెండో వయొలిన్ల వాళ్లూ, ఆ వెనుక అందరూ అతనితో పాటే ఎత్తుకున్నారు. మొదటి స్వరం ఒక్కటిగా పలికింది, అందులో నేను లేను. అర లెక్క విరామంలో కమాను దించుకొని ఆ తరువాతి స్వరానికి వాళ్లతో కలిశాను. వేగం నేను అనుకున్నదానికన్నా కొంచెం నిదానంగా ఉంది, చివరి వరకు అలాగే నిలిచింది. ముగింపు మాత్రం ఇంకా అంతంతమాత్రమే.

దేవరకొండ వారిని ఒకటి అడగాలి. వయోలా భాగాన్ని వయొలిన్ మీద వాయించేటప్పుడు కింది తీగ దాటిపోయే స్వరాలను పై స్థాయికి మార్చి రాసుకున్నాను. రెండు మూడు చోట్ల అవి రెండో వయొలిన్ కన్నా పైకి పోయి వినిపిస్తున్నాయి. వాటిని వదిలేయాలా, చెల్లోకు ఇవ్వాలా?